మైనారిటీ: ఈ మాటకు అర్థమేమిటి? మనకెలా వర్తిస్తుంది?

పిల్లల్ని బడిలో చేర్చే దరఖాస్తులో "మైనారిటీ: అవును / కాదు" అనే గడి కనిపిస్తే, అది మతానికి సంబంధించిన ప్రశ్న అనుకుని "కాదు" దగ్గర టిక్కు పెట్టేవారు మనలో ఉన్నారు. హోసూరు, బళ్లారి, బరంపురం, షోలాపూర్ వంటి చోట్ల తరాలుగా స్థిరపడిన తెలుగువారికి ఆ మాట మతంతో నిమిత్తం లేకుండానే వర్తిస్తుంది.

మాట పుట్టుక

దీని మూలం లాటిన్. 'మరింత చిన్నది' అనే అర్థమున్న పదం నుంచి వచ్చింది. లెక్కల్లోని మైనస్, గడియారంలోని మినిట్ దీని చుట్టాలే. లాటిన్‌లో 'సేవకుడు' అని అర్థమున్న మినిస్టర్ కూడా ఈ కుటుంబంలోదే.

ఇంగ్లీషులో మైనారిటీ మొదట వయసుకు సంబంధించిన మాట. యుక్తవయసు రాని స్థితి అని అర్థం. 'సంఖ్యలో తక్కువైన పక్షం' అనే అర్థం 18వ శతాబ్దంలో వాడుకలోకి వచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత ఐరోపాలో సరిహద్దులు మారాయి. అప్పటి ఒప్పందాల్లో జాతి, మత, భాషా మైనారిటీల రక్షణ అనే మాట స్థిరపడింది.

పాత అర్థమూ పోలేదు. 1956 నాటి హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం పేరులో మైనారిటీ అంటే 18 ఏళ్లు నిండని స్థితే. "మైనారిటీ తీరాక" అని మన పెద్దలు ఆస్తి వ్యవహారాల్లో అనేది కూడా ఈ అర్థంలోనే.

రాజ్యాంగంలో

రాజ్యాంగం ఈ మాటను వాడింది కానీ నిర్వచించలేదు. 30వ అధికరణ మత మైనారిటీలకూ, భాషా మైనారిటీలకూ సమానంగా విద్యాసంస్థలు పెట్టుకుని నడుపుకునే హక్కు ఇచ్చింది. 1956లో 7వ సవరణతో మరో రెండు అధికరణలు చేరాయి. ప్రాథమిక స్థాయిలో మాతృభాషలో చదువుకు తగిన ఏర్పాట్లు చేయాలని 350ఎ చెబుతుంది. భాషా మైనారిటీల రక్షణలను పరిశీలించి రాష్ట్రపతికి నివేదించే ప్రత్యేకాధికారి ఉండాలని 350బి చెబుతుంది.

ఎవరు మైనారిటీ అన్నది రాష్ట్రాన్ని యూనిట్‌గా తీసుకుని తేల్చాలని 2002లో టి.ఎం.ఎ. పాయ్ ఫౌండేషన్ కేసులో సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. అందుకే తెలుగువారు ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో మెజారిటీ, తమిళనాడు, కర్ణాటక, ఒడిశా, మహారాష్ట్రల్లో మైనారిటీ. యానాం ఊళ్లో తెలుగే ప్రధాన భాష. పుదుచ్చేరి మొత్తం మీద చూస్తే తెలుగువారు తక్కువ సంఖ్యే.

రెండింటినీ కలపవద్దు

1992 నాటి జాతీయ మైనారిటీ కమిషన్ చట్టం కింద గుర్తించినవి మతాలే: ముస్లింలు, క్రైస్తవులు, సిక్కులు, బౌద్ధులు, పార్సీలు, 2014 నుంచి జైనులు. ఈ మతాలవారి కోసం పెట్టిన స్కాలర్‌షిప్పులు భాషా మైనారిటీ అన్న కారణంతో రావు. అలాగే, మతం గడిలో "కాదు" అని రాసినంత మాత్రాన భాష హక్కు పోదు.

గడి దగ్గర ఏం చేయాలి?

అడుగుతున్నది మతం గురించా, భాష గురించా అని ముందు కనుక్కోండి. భాష గురించైతే "భాషా మైనారిటీ, మాతృభాష తెలుగు" అని స్పష్టంగా రాయండి. మాతృభాష గడి విడిగా ఉంటే దాన్ని ఖాళీగా వదలకండి, ఇంట్లో తెలుగు మాట్లాడుతూ అక్కడ రాష్ట్ర భాష పేరు రాయకండి. తరగతిలో 10 మంది, లేదా బడి మొత్తంలో 40 మంది పిల్లలు ఉంటే వారి మాతృభాషలో బోధనకు ఏర్పాటు చేయాలన్నది 1949లో విద్యామంత్రుల సమావేశం ఒప్పుకున్న సూత్రం. ఆ 10 మందీ, 40 మందీ లెక్క తేలేది మనం నింపే దరఖాస్తుల నుంచే.