తీరం లేని దేశం, తాళం పడే వాకిలి
ఆఫ్ఘనిస్తాన్ సరకు రవాణా ఒడంబడికల చరిత్ర

మన ఇళ్లలో పోపులో వేసే ఇంగువకు ముడిసరకు ప్రధానంగా ఆఫ్ఘనిస్తాన్, ఇరాన్, మధ్య ఆసియా కొండల నుండి వస్తుంది. రమజాన్ నెల రాగానే హైదరాబాద్ బేగం బజారులో గుట్టలుగా పోసే అంజీరు, కిష్మిష్, బాదంపప్పులలోనూ కొంత భాగం ఆ దేశానిదే. ఈ సరకు మన వీధి దాకా ఏ దారిన వస్తున్నదో మనం ఆలోచించం. ఆలోచిస్తే అందులో నూరేళ్ల చరిత్ర కనిపిస్తుంది. ఆ చరిత్రలో రాజులు, ప్రధానులు, దౌత్యవేత్తలు ఉన్నారు. వారి పంతాలకు మూల్యం చెల్లించిన తోటమాలులు, లారీ డ్రైవర్లు కూడా ఉన్నారు.

ఆఫ్ఘనిస్తాన్‌కు సముద్రతీరం లేదు. కాబూలు నుండి కరాచీ రేవుకు పదిహేను వందల కిలోమీటర్లకు పైగా దూరం. ఆ దారికి ముఖ్యమైన వాకిళ్లు రెండే. ఒకటి ఖైబర్ కనుమకు పడమటి కొసన ఉన్న తోర్ఖమ్. రెండవది క్వెట్టా నుండి కాందహార్ పోయే బాటలో చమన్. దానికి ఎదురుగా ఆఫ్ఘన్ గడ్డపై ఉన్న ఊరు స్పిన్ బోల్దక్. ఉత్తరాన అమూ దర్యా మీదుగా, పడమర హెరాత్ మీదుగా వేరే దారులు లేకపోలేదు. కాని సముద్రానికి దగ్గర దారి, సరకుకు చవక దారి దక్షిణానిదే.

ఈ దారికి సంబంధించిన మొదటి ఆధునిక ఒప్పందం 1921 నవంబరులో కాబూలులో జరిగింది. మూడవ ఆంగ్ల - ఆఫ్ఘన్ యుద్ధం ముగిసి, అమానుల్లా ఖాన్ తన దేశానికి పూర్తి స్వాతంత్ర్యం సాధించుకున్న రోజులవి. బ్రిటిష్ ఇండియా రేవులలో దిగి ఆఫ్ఘనిస్తాన్‌కు పోయే సరకుపై ఇండియా ప్రభుత్వం కస్టమ్స్ సుంకం వేయరాదని ఆ సంధిలో ఒప్పుకున్నారు. 1923లో వర్తక ఒప్పందం మరొకటి కుదిరింది. అదే 1921లో, ఏప్రిల్ నెలలో, బార్సిలోనా నగరంలో నానాజాతి సమితి ఆధ్వర్యాన ‘రవాణా స్వేచ్ఛ’పై ఒక ఒడంబడిక జరిగింది. ఒక దేశం మీదుగా మరొక దేశానికి పోయే సరకుపై, కేవలం దాటిపోతున్నందుకు పన్ను వేయరాదన్నది దాని సారం.

ఈ సూత్రం ఐరోపా వారి మేధస్సులోనే పుట్టిందని మనవారిలో కొందరు అనుకుంటారు. వారు ఖాజీ అబూ యూసుఫ్ రచించిన ‘కితాబుల్ ఖరాజ్’ను ఒకసారి చూడాలి. హారూన్ రషీద్ కాలంలో ప్రధాన న్యాయమూర్తిగా ఉండి, హిజ్రీ 182 (క్రీ.శ. 798)లో పరమపదించిన ఆ పండితుడు ఒక సంఘటన ఉదహరించారు. హజ్రత్ ఉమర్ (రజి.) వర్తక సుంకం వసూలుకు జియాద్ బిన్ హుదైర్‌ను నియమించారు. బనూ తగ్లిబ్ తెగకు చెందిన ఒక క్రైస్తవుడు గుర్రంతో వచ్చాడు. దాని వెల ఇరవై వేలుగా కట్టి జియాద్ వేయి తీసుకున్నారు. అదే సంవత్సరం తిరుగు ప్రయాణంలో మళ్లీ వేయి అడిగారు. “నేను నీ ముందు నుండి పోయిన ప్రతిసారీ వేయి ఇచ్చుకోవాలా?” అన్నాడతడు. “ఔను” అన్నారు జియాద్. ఆ మనిషి మక్కాకు పోయి ఖలీఫాతో మొర పెట్టుకున్నాడు. ఖలీఫా “నీ పని అయింది” అన్న అర్థం వచ్చే ఒక్క ముక్క అని ఊరుకున్నారు. తన మాట చెవిన పడలేదనుకుని, మరో వేయి ఇచ్చుకోవడానికి సిద్ధపడి తిరిగి వచ్చాడు. చూస్తే, అతనికంటే ముందే ఖలీఫా ఉత్తరం జియాద్‌కు చేరి ఉంది: ఒకసారి తీసుకున్నవారి నుండి మరుసటి సంవత్సరం అదే రోజు వరకు మళ్లీ తీసుకోవద్దు!

ఇది దాటిపోయే సరకు గురించి కాదు, వర్తక సుంకం గురించి. రెంటికీ భేదముంది. అయినా దారిలో నిలబడ్డ అధికారి చేతికి హద్దు ఉండాలన్న భావన రెండింటికీ మూలం. మొర పెట్టుకున్నవాడు ముస్లిం కాకపోవడం కూడా గమనించదగ్గది.

ఇక అసలు కథకు వద్దాం. 1947లో బ్రిటిష్‌వారు వెళ్లిపోయారు. ఖైబర్, కరాచీ రెండూ పాకిస్తాన్‌లోకి వచ్చాయి. 1893లో గీసిన డ్యూరాండ్ రేఖను కాబూలు సరిహద్దుగా అంగీకరించలేదు. పఖ్తూన్ ప్రాంతాల ప్రశ్న లేవదీసి, 1947 సెప్టెంబరులో ఐక్యరాజ్యసమితిలో పాకిస్తాన్ సభ్యత్వానికి వ్యతిరేకంగా ఓటు వేసిన ఏకైక దేశం ఆఫ్ఘనిస్తాన్. తరువాత ఆ ఓటు ఉపసంహరించుకున్నా చేదు మిగిలిపోయింది. ఆ చేదు మొదట పెట్రోలు మీద కనిపించింది. 1950లో పాకిస్తాన్ మీదుగా పోవలసిన పెట్రోలు కొన్ని నెలలు నిలిచింది. కాబూలు వెంటనే సోవియట్ యూనియన్ వైపు తిరిగి, అదే ఏడు జులైలో సరకు మార్పిడి ఒప్పందం చేసుకుంది. 1955 మార్చిలో, పాకిస్తాన్ తన పడమటి రాష్ట్రాలన్నిటినీ ఒకటిగా కలపబోతున్నదన్న ఆగ్రహంతో, కాబూలులోని పాకిస్తాన్ రాయబార కార్యాలయంపై గుంపులు దాడి చేశాయి. సరిహద్దు దాదాపు అయిదు నెలలు మూతపడింది. జూన్‌లో కాబూలు సోవియట్‌తో రవాణా ఒప్పందం సంతకం చేసింది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. తరువాతి దశాబ్దాలలో ఆఫ్ఘనిస్తాన్‌పై సోవియట్ నీడ ఎలా పడిందో చెప్పేవారు సిద్ధాంతాల గురించి, సైనికాధికారుల శిక్షణ గురించి చెబుతారు. కాని తోర్ఖమ్ గేటు మూసిన ప్రతిసారీ ఉత్తరపు బాట వెడల్పయిందన్న విషయాన్ని తక్కువమంది గుర్తిస్తారు. హిందూకుష్ పర్వతాలను తొలిచి సోవియట్ ఇంజనీర్లు కట్టిన సలాంగ్ సొరంగం 1964లో తెరుచుకుంది. 1979 డిసెంబరు తరువాత సోవియట్ సేనలకు కాబూలు దారి అదే.

అన్నిటికంటే పెద్ద మూత 1961లో పడింది. ఆగస్టులో పాకిస్తాన్ తమ గడ్డపై ఉన్న ఆఫ్ఘన్ కాన్సులేట్లను, వర్తక కార్యాలయాలను మూసివేయించింది. ప్రధాని సర్దార్ దావూద్ ఖాన్ సెప్టెంబరు 6న దౌత్య సంబంధాలు తెంచుకున్నారు. పాకిస్తాన్ “సరకు పోవడానికి మాకు అభ్యంతరం లేదు” అన్నది. దావూద్ ఖాన్ “మా కార్యాలయాలు లేకుండా మా సరకు పోదు” అన్నారు. రెండు మాటలూ వినడానికి గంభీరంగా ఉన్నాయి. ఫలితం మాత్రం ఒకటే: గేటు మూత! అది ద్రాక్ష, దానిమ్మ కోతకు వచ్చే కాలం. ఆ పండ్లకు పెద్ద బజారు పాకిస్తాన్, హిందూస్తాన్ నగరాలు. కొంత పంటను సోవియట్ విమానాలు మోసుకుపోయాయి. అమెరికా సాయంగా పంపిన సరకు పెషావర్‌లో గుట్టలు పడింది. అమెరికా అధ్యక్షుడు కెన్నెడీ పంపిన రాయబారి లివింగ్‌స్టన్ మర్చంట్ ఆ ఏడు అక్టోబరులో రెండు రాజధానులూ తిరిగి రిక్తహస్తాలతో వెళ్లారు. చలికాలంలో సింధు మైదానాలకు దిగి, వేసవిలో కొండలకు తిరిగిపోయే పొవిందా సంచార జనానికి కూడా ఆ ఏడే దారి మూసుకుపోయింది. పాస్‌పోర్టు అంటే ఏమిటో ఎరుగని మనుషులు, తరతరాలుగా ఒంటెలపై నడిచిన బాట అది. ఒప్పందాల చరిత్ర రాసేవారు వీరిని ఒక వాక్యంలో దాటిపోవడం మాకు అన్యాయంగానే తోస్తుంది.

1963 మార్చిలో దావూద్ ఖాన్ పదవి నుండి తప్పుకున్నారు. ఇరాన్ షా మధ్యవర్తిత్వంతో మే నెలలో టెహ్రాన్‌లో రాజీ కుదిరింది. దాని పర్యవసానమే 1965 మార్చి 2న సంతకమైన ఆఫ్ఘన్ రవాణా వర్తక ఒప్పందం. పెషావర్ - తోర్ఖమ్, చమన్ - స్పిన్ బోల్దక్ మార్గాలను అందులో పేరు పెట్టి చెప్పారు. దాటిపోయే సరకుపై కస్టమ్స్ సుంకం ఉండదన్నారు. తీరంలేని దేశాల రవాణాపై ఐక్యరాజ్యసమితి ఒడంబడిక న్యూయార్క్‌లో రూపుదిద్దుకున్నదీ ఆ ఏడు జులైలోనే. ఈ 1965 ఒప్పందం లోపాలతోనే నలభై అయిదేళ్లు బతికింది. సోవియట్ దాడి, అంతర్యుద్ధం, తాలిబాన్ మొదటి పాలన, అమెరికా యుద్ధం - ఇన్నింటి నడుమ ఆ కాగితం చెల్లుబాటులోనే ఉన్నది.

పాకిస్తాన్ ఫిర్యాదును కూడా న్యాయంగా వినాలి. సుంకం లేకుండా కరాచీలో దిగి ‘ఆఫ్ఘనిస్తాన్‌కు’ అన్న పేరుతో పోయిన టైర్లు, టెలివిజన్లు, బట్టలు, తేయాకు సరిహద్దు దాటి, కొండదారులలో తిరిగి వచ్చి పెషావర్ బజార్లలో అమ్ముడుపోయేవి. ఆఫ్ఘనులు ఎక్కువగా తాగేది పచ్చ తేయాకు, మరి ఇంత నల్ల తేయాకు ఎవరికోసమని పాకిస్తాన్ అధికారులు అడిగేవారు. ఆ ప్రశ్నలో సత్యముంది. దానికి విరుగుడుగా కొన్ని సరకులను నిషేధపు జాబితాలో చేర్చారు. కాని ఇలాంటి జాబితాతో దొంగ వర్తకుడికంటే నిజాయితీగల వర్తకుడే ఎక్కువ ఇబ్బంది పడతాడు. మొదటివాడికి కొండదారి ఎలాగూ తెలుసు.

ఈ చిక్కును ఐరోపా మరొక విధంగా విప్పింది. దానినే ‘టీ.ఐ.ఆర్.’ పద్ధతి అంటారు. 1949లో కొన్ని ఐరోపా దేశాల మధ్య మొదలై, 1959లో ఒడంబడికగా మారి, 1975లో ప్రస్తుత రూపం పొందింది. లారీకి బయలుదేరిన చోటనే కస్టమ్స్ అధికారి సీలు వేస్తాడు. డ్రైవరు చేతిలో ఒక పత్రాల పుస్తకం ఉంటుంది. దారిలో ప్రతి సరిహద్దులో సీలు చూస్తారు, పుస్తకంలో ఒక పత్రం చించుకుంటారు, సాధారణంగా మూటలు విప్పరు. సరకు దారిలో మాయమైతే సుంకం ఎవరిస్తారు? ఆయా దేశాల రవాణా సంఘాల హామీ గొలుసు. అంటే నమ్మకాన్ని మనిషి మంచితనానికి వదిలేయక, పూచీకత్తుగా మార్చారు. ఆఫ్ఘనిస్తాన్ 1982లోనే ఇందులో చేరింది. కాని యుద్ధాల వల్ల పద్ధతి ఆగిపోయి 2013లో గాని మళ్లీ మొదలు కాలేదు. పాకిస్తాన్ 2015లో, మన దేశం 2017లో చేరాయి. ఇరాన్, పాకిస్తాన్, తుర్కీలు 1964లో స్థాపించుకున్న ప్రాంతీయ సహకార సంస్థ 1985లో కొత్త పేరు ధరించింది. 1992లో ఆఫ్ఘనిస్తాన్‌ను, అజర్‌బైజాన్‌ను, అయిదు మధ్య ఆసియా దేశాలను చేర్చుకున్నది. 1998 మే నెలలో అల్మాటీలో ఈ సంస్థ రవాణా ఒప్పందం సంతకం చేయించింది. అది అమలులోకి రావడానికి 2006 దాకా పట్టింది. ఇస్లామాబాద్ నుండి ఇరాన్ మీదుగా ఇస్తాంబుల్‌కు సీలు వేసిన లారీలు ఈ పద్ధతిలో పోయింది 2021లో!

పాత ఒప్పందం స్థానంలో కొత్తది 2010 అక్టోబరులో కాబూలులో సంతకమై, 2011లో అమలుకు వచ్చింది. సీలు వేసిన కంటైనర్లు, లారీలకు జాడ తెలిపే యంత్రాలు, బ్యాంకు హామీలు అందులో చేరాయి. ఆఫ్ఘన్ లారీలు వాఘా దాకా వచ్చి సరకు దించవచ్చు. కాని మన దేశపు సరకు ఎక్కించుకుని తిరిగి పోరాదు. కాబూలు ఆ హక్కు అడిగింది. పాకిస్తాన్ మధ్య ఆసియాకు దారి అడిగింది. ఒకరి కోరిక ఇంకొకరి చేతిలో బందీ అయింది. వట్టి లారీతో వందల కిలోమీటర్లు వెనక్కు నడిపే డ్రైవరు కిరాయి చివరకు కిష్మిష్ ధరలోనే చేరుతుంది.

అందుకే ఆఫ్ఘనులు పక్కదారులు వెదికారు. మన దేశపు సరిహద్దు రోడ్ల సంస్థ కట్టిన జరంజ్ - దెలారామ్ రోడ్డును, సుమారు 218 కిలోమీటర్లు, 2009 జనవరిలో అప్పగించారు. దాని నిర్మాణంలో భారతీయులు, ఆఫ్ఘనులు ప్రాణాలు కోల్పోయారు. 2016 మేలో టెహ్రాన్‌లో మూడు దేశాలు చాబహార్ ఒప్పందం చేసుకున్నాయి. 2017 అక్టోబరు చివర కాండ్లా రేవు నుండి గోధుమల ఓడ ఆ దారిన బయలుదేరింది. అదే ఏడు జూన్‌లో కాబూలు నుండి ఢిల్లీకి సరకు విమానం మొదలైంది. మొదటి విమానంలో వచ్చినదాంట్లో ఎక్కువ భాగం ఇంగువ. లారీలో రావలసిన ఇంగువ విమానమెక్కిందంటే నేలదారి ఎంత ఇరుకయిందో ఊహించవచ్చు.

2025 అక్టోబరులో రెండు దేశాల సేనల మధ్య కాల్పులు జరిగాక తోర్ఖమ్, చమన్ గేట్లు మళ్లీ మూతపడ్డాయి. నవంబరులో కాబూలు పాలకులు తమ వర్తకులను వేరే దారులు చూసుకోమన్నారు. 1950లో, 1955లో, 1961లో చెప్పిన మాటే అది. కాందహార్‌లో దానిమ్మలు కోతకు వచ్చేదీ సరిగ్గా ఆ నెలల్లోనే.