గొడ్డలి దగ్గర మొదలుపెట్టే చరిత్ర

మొన్న క్లాసులో 'ది చాంట్ ఆఫ్ జిమ్మీ బ్లాక్‌స్మిత్' చూపించాను. 1978లో ఫ్రెడ్ షెపిసి తీసిన ఆస్ట్రేలియా సినిమా. అయిపోయాక ఒక విద్యార్థి లేచి, "పిల్లల్ని కూడా చంపినవాడి గురించి మనమెందుకు సార్ మాట్లాడుకోవడం?" అన్నాడు. అప్పుడు సరైన జవాబు చెప్పలేకపోయాను. అందుకే ఈ భాగం.

సినిమాకి మూలం థామస్ కెనీలీ 1972 నవల. నవలకి మూలం నిజంగా బతికిన మనిషి, జిమ్మీ గవర్నర్. న్యూ సౌత్ వేల్స్ ఆదివాసీ. కొన్నాళ్లు పోలీసులకు జాడలు తీసిపెట్టాడు. ఎథెల్ అనే తెల్లమ్మాయిని పెళ్లాడాడు. బ్రీలాంగ్‌లో మాబీ కుటుంబానికి కంచె కర్రలు కొట్టే పని ఒప్పుకున్నాడు. నల్లవాణ్ని చేసుకుందని ఆ ఇంటివాళ్లు ఎథెల్‌ని అవమానించారన్నది అతని మాట. 1900 జూలైలో ఒక రాత్రి ఆ ఇంటి మీద పడ్డాడు. అక్కడా, తర్వాతి రోజుల్లోనూ తొమ్మిది మంది చనిపోయారు. వాళ్లలో ఆడవాళ్లు, పిల్లలు ఉన్నారు. 1901 జనవరి 18న సిడ్నీలో అతన్ని ఉరితీశారు.

తేదీ చూడండి. దానికి 17 రోజుల ముందే ఆస్ట్రేలియా ఒక దేశంగా ఏర్పడింది. జనాభా లెక్కలో ఆదివాసులను కలపకూడదని ఆ రాజ్యాంగం 127వ సెక్షన్ చెప్పింది. అది పోవడానికి 1967 దాకా పట్టింది. మనుషుల లెక్కలో లేనివాడు ఉరికంబం లెక్కలో మాత్రం ఉన్నాడు.

షెపిసి కథను గొడ్డలి దగ్గర మొదలుపెట్టడు. కంచె వేయించుకుని కూలి కోసేసిన యజమానుల్ని, తనవాళ్లనే కొట్టించే పోలీసు కొలువుని ముందు చూపిస్తాడు. హత్యలొచ్చేసరికి కెమెరా వాటిని వీరత్వం చేయదు. కళ్లు తిప్పుకుంటాం.

నాకు అభ్యంతరం మరోచోట ఉంది. జిమ్మీలో తెల్లరక్తం, నల్లరక్తం కొట్టుకుంటున్నాయన్నట్టు కథ నడుస్తుంది. రక్తం గొడవ కాదది, నేల గొడవ. తన జాతి నేలకి తానే కూలికి కంచె వేయాల్సి రావడం. ఆదివాసీ గొంతుతో రాసే సాహసం ఇప్పుడైతే చేయనని కెనీలీయే తర్వాత ఒప్పుకున్నాడు.

1838లో మయాల్ క్రీక్ దగ్గర 28 మంది నిరాయుధ ఆదివాసుల్ని నరికేశారు. ఏడుగురికి ఉరి పడింది. అలా శిక్ష పడటమే అరుదు. ఆ హత్యలకి ప్రతీకారం అనే పేరు కూడా అక్కర్లేకపోయింది.

తమ్ముడూ, ఆ పిల్లల చావుని నేను సమర్థించను. ఆ పిల్లలు ఎవరి నేలా లాక్కోలేదు. కానీ మన ఊళ్లలోనూ గొడవ మొదలైందని రాసేది మనవాడు చెయ్యెత్తిన దగ్గర్నుంచే. అంతకుముందు పేజీలు ఎవరు చింపారో అడగడానికే ఈ సినిమా చూపించాను.

జై భీమ్.