ఆక్రమణదారు అని తేల్చేదెవరు?



మన పరకాల మైదాన ప్రాంతం. తూర్పున ములుగు దాటి ఏటూరునాగారం వైపు వెళితే ఏజెన్సీ. భూమి తగాదా వచ్చినప్పుడు ఈ తేడా చాలా పెద్దది. అక్కడ 1/70 చట్టం ఉంది, పరకాలలో అది వర్తించదు. అయితే "మీరు ఆక్రమణదారులు, ఖాళీ చేయండి" అనే మాట మాత్రం రెండు చోట్లా వినబడుతుంది. ఆ ముద్ర వేసే అధికారం ఎవరిది?

నిజాం కాలంలో ఆదిలాబాద్ గోండులు తరతరాలుగా దున్నిన పోడు రిజర్వు అడవిలోకి పోయింది. దాంతో వాళ్ళే ఆక్రమణదారులయ్యారు. అప్పుడు అటవీ సిబ్బంది మాటే చెల్లింది. 1940లో జోడేఘాట్‌లో కొమరం భీం ప్రాణమిచ్చాకే హైమన్‌డార్ఫ్‌ను పంపి, గోండుల పరిస్థితి ఏమిటని సర్కారు విచారించింది.

1905 నాటి భూ ఆక్రమణ చట్టం మద్రాసు ప్రెసిడెన్సీది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక తెలంగాణకూ వచ్చింది. దాని కింద తహసీల్దారు నోటీసు ఇచ్చి సర్కారు భూమి ఖాళీ చేయించవచ్చు. హైదరాబాద్ హబ్సిగూడలో ఉస్మానియా యూనివర్సిటీ కోసం సేకరించామన్న భూమిపై ఇదే దారి పట్టారు. తుమ్మల కృష్ణారావు కేసుగా అది సుప్రీంకోర్టుకు వెళ్ళింది. హక్కు ఎవరిదన్న దానిపై నిజమైన వివాదం ఉన్నప్పుడు దాన్ని తహసీల్దారు తేల్చకూడదు, సర్కారైనా సివిల్ కోర్టుకే వెళ్ళాలి అని 1982లో తీర్పు వచ్చింది. గెలిచినవాళ్ళు నిరుపేదలు కారు, ప్లాట్లు కొన్నవాళ్ళు. అయినా ఆ సూత్రం తండాలో ఉన్నవాడికీ పనికొస్తుంది. హక్కు చూపే ఆధారమేదీ లేకపోతే మాత్రం ఈ తీర్పు కాపాడదు.

ఏజెన్సీలో లెక్క తిరగబడుతుంది. అక్కడ గిరిజనేతరుల చేతిలో ఉన్న భూమి గిరిజనుల నుంచి వచ్చిందనే చట్టం భావిస్తుంది. కాదని నిరూపించుకోవాల్సింది వాళ్ళే. 1988లో పి. రామిరెడ్డి కేసులో సుప్రీంకోర్టు దీన్ని సమర్థించింది. 1997లో సమతా తీర్పు సర్కారునూ ఇదే కట్టుబాటులోకి తెచ్చింది: ఏజెన్సీలోని సర్కారు భూమిని గిరిజనేతరులకు లీజుకివ్వరాదు.

కోర్టులు ఎప్పుడూ మన పక్షమే అనుకుంటే పొరపాటు. 2019 ఫిబ్రవరి 13న సుప్రీంకోర్టు, అటవీ హక్కుల చట్టం కింద దరఖాస్తు తిరస్కరించబడినవాళ్ళను ఖాళీ చేయించమని రాష్ట్రాలకు చెప్పింది. దేశమంతటా పది లక్షలకు పైగా దరఖాస్తుల భవిష్యత్తు అది. నిరసనలు రేగాయి. ఫిబ్రవరి 28న అదే కోర్టు ఆ ఆదేశాన్ని ఆపి, ఏ పద్ధతిలో తిరస్కరించారో చెప్పమని రాష్ట్రాలను అడిగింది. నా దృష్టిలో అసలు ప్రశ్న అదే. నోటీసు ఇచ్చారా? మాట విన్నారా? కారణం రాశారా?

2006 నాటి ఆ చట్టానికి ఏజెన్సీ గీత లేదు. అటవీ భూమి ఎక్కడున్నా వర్తిస్తుంది. 2005 డిసెంబరు 13కు ముందు నుంచి సాగులో ఉన్న గిరిజన కుటుంబం 4 హెక్టార్ల వరకు అడగవచ్చు. విచారణ పూర్తయ్యేదాకా ఖాళీ చేయించకూడదని అందులోనే రాసి ఉంది. గ్రామసభ నిర్ణయం నచ్చకపోతే 60 రోజుల్లో డివిజన్ కమిటీకి, ఆ తర్వాత జిల్లా కమిటీకి వెళ్ళవచ్చు. కాబట్టి తిరస్కరించామని నోటితో చెబితే ఒప్పుకోవద్దు. కాగితం మీద, తేదీతో, కారణంతో అడగండి.