లాంగ్‌స్వర్డ్ నమూనా

మధ్యయుగపు చివరి దశలో, సుమారు 1350–1550 మధ్య, యూరప్ యోధులు రెండు చేతులతో తిప్పిన నిటారు కత్తి లాంగ్‌స్వర్డ్. దానిని పోలి నేడు తయారయ్యే నమూనాలు కత్తుల సేకరణకర్తలకు ఎంతో ప్రీతిపాత్రం. అసలు కత్తులు ఎక్కువగా మ్యూజియంలలోనే ఉండటంతో, మంచి నమూనాయే సేకరణకు ఆధారం.

సినిమాలు చూసి ఇవి మోయలేనంత బరువని చాలామంది అనుకుంటారు. అది అపోహ. చాలా వాటి బరువు కిలో నుంచి కిలోన్నర లోపే. పిడి చివరి లోహపు గుండు అలుగు బరువుకు ఎదురుతూకంగా నిలుస్తుంది. అలుగు మొదట్లో మందంగా, కొనకు పోనుపోను పలచగా ఉంటుంది. చవక నమూనాల్లో లోపించేది ఈ పలచబడే తీరే. అందుకే చేతికెత్తుకోగానే ఇనుప కడ్డీలా అనిపిస్తాయి.

కొనేముందు చూడవలసింది నగిషీని కాదు, పిడి లోపలి కాడను. అలుగుతో ఏకఖండంగా ఉన్న వెడల్పాటి కాడే నమ్మదగినది. సన్నని కడ్డీ అతికించినది విసిరితే విరగవచ్చు. స్టెయిన్‌లెస్ స్టీలు కత్తి గోడకే తగినది. ఆడించడానికి సరిగా వేడిచేసి చల్లార్చి గట్టిపరచిన ఎక్కువ కార్బన్ ఉక్కే కావాలి. ఏ శతాబ్దపు రూపమో పోల్చుకోవడానికి మధ్యయుగపు కత్తులకు యూవర్ట్ ఓక్‌షాట్ చేసిన వర్గీకరణను మించిన సాధనం లేదు.

కార్బన్ ఉక్కు త్వరగా తుప్పు పడుతుంది. తోలు ఒర తేమను పట్టి ఉంచుతుంది గనుక, నూనె రాసిన కత్తిని ఒర బయటే భద్రపరచాలి. భారతదేశంలో పదునైన కత్తులు 1959 నాటి ఆయుధాల చట్టం పరిధిలోకి రావచ్చు. విదేశం నుంచి తెప్పించుకునేవారు ముందే పోలీసు, కస్టమ్స్ అధికారులను సంప్రదించాలి.