గంపగుత్తగానా, విడివిడిగానా? - పాత గ్రామఫోను రికార్డుల లెక్క

ఆఫీసులో పాత సామాను వేలం వేయవలసి వచ్చినప్పుడు ముందుగా స్టాకు రిజిస్టరు తీసి, ఏ వస్తువు ఎప్పుడు వచ్చింది, ఇప్పుడు ఏ స్థితిలో ఉంది అని జాబితా తయారు చేసేవాళ్లం. జాబితా లేని వేలంలో లాభం కొన్నవాడిదే అవుతుంది. అటకల మీద పడివున్న గ్రామఫోను రికార్డులకూ ఇదే సూత్రం వర్తిస్తుంది. మన సభ్యుల ఇళ్లలో ఇవి ఇంకా ఉన్నాయి గనుక, వాటి చరిత్రను, ఇటీవల నాచారంలో జరిగిన ఒక అమ్మకం వివరాలను ఇక్కడ మనవి చేస్తున్నాను.

1902లో గ్రామఫోన్ కంపెనీ తరఫున ఫ్రెడ్ గైస్‌బర్గ్ అనే ఆయన కలకత్తా వచ్చి గౌహర్ జాన్ మొదలైనవారి పాటలు రికార్డు చేశాడు. 1908లో కలకత్తా సియాల్దాలో రికార్డుల ఫ్యాక్టరీ వెలిసింది. ఆ రికార్డు నిమిషానికి 78 చుట్లు తిరిగేది. 10 అంగుళాల పళ్లెంలో ఒక్కో వైపు సుమారు 3 నిమిషాల పాట పట్టేది. లక్కలో రాతిపొడి వగైరా కలిపి చేసేవారు కాబట్టి జారిపడితే పెంకుల్లా పగిలేది. కపిలవాయి రామనాథశాస్త్రిగారి వంటి నటుల నాటక పద్యాలు ఊరూరికీ చేరింది ఈ రికార్డుల మీదనే.

పాత రికార్డులకు తూకం లెక్కన విలువ కట్టడం ఈనాటిది కాదు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో, 1942 ప్రాంతంలో, అమెరికాలో లక్కకు కరువు వచ్చి, కొత్త రికార్డు కొనాలంటే పాతది తిరిగి ఇవ్వవలసి వచ్చింది. వాటిని పొడిచేసి మళ్లీ కొత్తవి పోసేవారు. ఎన్ని మంచి గొంతులు ఆ పొడిలో కలిసిపోయాయో!

1948లో వినైల్ అనే ప్లాస్టిక్‌తో చేసిన 33⅓ చుట్ల ఎల్.పి., 1949లో 45 చుట్ల చిన్న రికార్డు అమెరికాలో వచ్చాయి. మన దేశంలో మాత్రం 78లు 1960ల చివరిదాకా నడిచాయి. 1980లలో క్యాసెట్ల రాకతో అన్నిటికీ గిరాకీ పోయింది.

ఇక అసలు విషయానికి వస్తాను. నాచారం వాస్తవ్యుడైన మన సభ్యుడొకరు, ఉప్పల్‌లో మైక్‌సెట్లు అద్దెకిచ్చే దుకాణం క్యాసెట్లకు మారినప్పుడు, అక్కడి రికార్డులన్నీ కొని ఇంట్లో పెట్టుకున్నారు. పెళ్లిళ్లకూ గణపతి పందిళ్లకూ తిరిగిన సరుకు అది. ఆయన కాలం చేశారు. ఇల్లు బిల్డరుకు అప్పగించడానికి నెల గడువుంది. పాత సామాను కొనేవాడు కిలో లెక్క చెప్పాడు. రికార్డుల వ్యాపారి ఒకరు వచ్చి అరగంట చూసి, మొత్తానికి 15,000 రూపాయలిస్తానన్నారు.

"అన్నయ్యగారూ, ఇచ్చేయమంటారా? ఆయన ఇవి తుడుచుకుంటూ ఎన్ని ఆదివారాలు గడిపారో మీకు తెలుసు. కానీ ఇల్లు మారే ఖర్చులున్నాయి" అన్నారు ఆవిడ.

"వారం రోజులు ఆగమ్మా, ముందు జాబితా రాద్దాం" అన్నాను.

మొత్తం 412 తేలాయి. 78లు 130, చిన్న 45లు 150, ఎల్.పి.లు 132. లేబులు మీది కంపెనీ పేరు, నంబరు, కళాకారుడి పేరు, గీతలు, పగుళ్లు, అట్ట ఉన్నదీ లేనిదీ అన్నీ నోటుబుక్కులో ఎక్కించాము. తుడిచేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. 78ల మీద స్పిరిటు వాడరాదు, అది లక్కను కరిగిస్తుంది.

జాబితా పూర్తయ్యాక ఒక సంగతి బోధపడింది. మనం ఎక్కువ ప్రేమించినవాటికే ధర తక్కువ. ఎం.ఎస్. సుబ్బులక్ష్మిగారి 1963 నాటి వేంకటేశ్వర సుప్రభాతం, 1974లో ఘంటసాలగారు కీర్తిశేషులైన తరువాత విడుదలైన ఆయన భగవద్గీత ఇంటింటా కొన్నవే గనుక ఇప్పుడూ విరివిగా దొరుకుతాయి. దానవీరశూరకర్ణ సంభాషణల రికార్డూ అంతే. 1976లో ఎన్.టి. రామారావుగారు నాచారంలో నెలకొల్పిన స్టూడియోలో తయారై, 1977 సంక్రాంతికి విడుదలైన సినిమా అది. ఆ రికార్డును మైక్‌సెట్లవాళ్లు అరగదీశారు. ఆనాడు కొద్దిమందే కొన్న నాటక పద్యాలు, హరికథలు, హాస్య సంవాదాలు మాత్రం ఇప్పుడు అరుదు. వాటిలో కొన్ని మళ్లీ క్యాసెట్టుగానో సి.డి.గానో రాలేదు. వ్యాపారి ఆ అరగంటలో చూసింది వాటినే అయివుంటుంది. ఇందులో ఆయన తప్పేమీ లేదు. పగిలినవీ అరిగినవీ భరించేవాడు ఆ నష్టాన్ని ధరలో కలుపుకుంటాడు.

అన్నీ విడివిడిగా అమ్ముదామని ఆవిడ మనవడు ఫోనులో ఫోటోలు తీయసాగాడు. ఒక్కొక్కటీ ప్యాక్ చేసి పంపాలంటే ఏడాది పడుతుంది, పైగా 78లు దారిలో పగులుతాయి. గంపగుత్తకు ఇస్తే అరుదైనవి తక్కువకు పోతాయి. అందుకని మూడు భాగాలు చేశాము. అరుదైనవి 40 పక్కకు తీసి, జాబితా నకళ్లు ఇద్దరు సేకర్తలకు పంపి, ధర రాసి ఇమ్మన్నాము. బాగున్న ఎల్.పి.లు, 45లు 120 దాకా గాయకుల వారీగా చిన్న కట్టలు చేసి అమ్మాము. మిగిలినవాటిని అదే వ్యాపారికి గంపగుత్తగా చూపించాము. పగిలిన 24 ఆయన వద్దన్నారు.

మూడు వారాల్లో మొత్తం 31,000 రూపాయలు చేతికొచ్చాయి. దారి ఖర్చులు, ప్యాకింగు పోను 28,000 మిగిలాయి. నాటక పద్యాలకు ఇద్దరు సేకర్తలలో ఒకరు కొంత ఎక్కువ ఇస్తామన్నా, రెండో ఆయన వాటిని విడదీయకుండా ఉంచుతానన్నారు. తేడా 1,500 రూపాయలు. నిర్ణయం ఆవిడకే వదిలేశాను. ఒక పూట ఆలోచించి, "ఆయన పోగుచేసినవి ఒకచోటే ఉండనివ్వండి" అన్నారు.

ఇటువంటి సేకర్తలను తేలికగా చూడరాదు. మద్రాసులో వి.ఎ.కె. రంగారావుగారు వేలాది రికార్డులు సేకరించి, వాటి ఆధారంగా పాటల చరిత్ర రాశారు. 1990లో బొంబాయిలో సేకర్తల సంఘమే ఒకటి ఏర్పడింది. వినైల్ మీద మోజు కూడా తిరిగి వచ్చింది. 2022లో అమెరికాలో సి.డి.ల కంటే వినైల్ రికార్డులే ఎక్కువ అమ్ముడయ్యాయి. అయితే ఆ వార్త చూసి ప్రతి పాత రికార్డుకూ వేలు పలుకుతాయనుకోవద్దు.

సభ్యులకు నా విన్నపం ఒక్కటే. రికార్డులను పడుకోబెట్టకుండా నిలబెట్టి, ఎండ తగలనిచోట ఉంచండి. ఏది ఎక్కడ కొన్నారో, ఎవరు పాడారో ఒక నోటుబుక్కులో రాసి, ఆ పుస్తకం ఎక్కడుందో ఇంట్లోవారికి చెప్పండి. మన తరువాత అమ్మేది పిల్లలు. ఆ జాబితా ఉంటే వ్యాపారి ముందు వారికి కాస్త పట్టు ఉంటుంది.