పైకి విసిరిన బంతి: గెలీలియో కూడా తప్పు చెప్పిన ప్రశ్న

ఒక బంతిని నిట్టనిలువుగా పైకి విసిరామనుకోండి. పైకి వెళ్లి, ఒక్క క్షణం ఆగి, కిందికి వస్తుంది. ఆ ఆగిన క్షణంలో దాని త్వరణం ఎంత? ఇంటర్‌లో నన్ను ఇదే అడిగితే ధీమాగా "సున్నా" అన్నాను. క్లాసంతా నవ్వింది. ఫిజిక్స్ నా వల్ల కాదని ఆ రోజే ఫిక్స్ అయిపోయాను. నాలాంటి పొరపాటే గెలీలియో కూడా చేశాడని చాలా ఏళ్ల తర్వాత తెలిసింది!

1590 ప్రాంతం. ఇటలీలోని పీసాలో గెలీలియో లెక్కల మాస్టారు. వయసు పాతికేళ్లు దాటిందంతే. వస్తువులు ఎలా కదులుతాయో ఒక పుస్తకం రాసుకుంటున్నాడు. అందులో ఏమన్నాడంటే, విసిరేటప్పుడు చెయ్యి బంతిలోకి ఒక బలాన్ని ఎక్కిస్తుంది. పొయ్యిలోంచి తీసిన ఇనుము చల్లారినట్టు ఆ బలం మెల్లగా తగ్గుతుంది. అది బంతి బరువుతో సమానమైన చోట బంతి ఆగుతుంది. ఇంకా తగ్గితే బరువుదే పైచేయి, బంతి దిగుతుంది. అంటే పైన రెండూ సరిసమానం, త్వరణం సున్నా. అచ్చం నా జవాబే!

ఆ పుస్తకాన్ని ఆయన అచ్చు వేయించలేదు. తర్వాత కొలవడం మొదలుపెట్టాడు. పడే బంతి మరీ స్పీడు, చేతిలో స్టాప్‌వాచ్ లేదు. అందుకే చెక్క దూలానికి నున్నటి గాడి తీసి, దాన్ని వాలుగా పెట్టి, కంచు గుండు దొర్లించాడు. నీళ్ల తొట్టి అడుగున సన్నని గొట్టం పెట్టి, కారిన నీళ్లను తూచి టైమ్ లెక్కగట్టాడు. టైమ్ రెండింతలైతే దూరం నాలుగింతలు, మూడింతలైతే తొమ్మిదింతలు! అంటే వేగం ప్రతి సెకనుకూ ఒకే లెక్కన పెరుగుతోందన్నమాట.

పైకి వెళ్లే బంతిదీ ఇదే లెక్క, కాకపోతే తిరగేసి. గాలి సంగతి పక్కనపెడదాం. సెకనుకు 20 మీటర్ల వేగంతో విసిరితే, ప్రతి సెకనుకూ సుమారు 10 తగ్గుతుంది: 20, 10, 0. తర్వాత కిందికి 10, 20. సున్నా దగ్గర కూడా ఈ మార్పు ఆగదు. ఆగితే బంతి గాల్లోనే వేలాడిపోవాలి కదా! చెయ్యి వదిలాక బంతిని పైకి నెట్టేదేమీ లేదు. మొదటి నుంచి చివరిదాకా ఉన్నది భూమి లాగుడు ఒక్కటే.

ఈ ఫలితాలు 1638లో పుస్తకంగా వచ్చేసరికి ఆయనకు 74 ఏళ్లు. గృహనిర్బంధంలో ఉన్నాడు, చూపు పోయింది. ఆ పుస్తకంలో ఒక పాత్ర చేత పాత వివరణను చెప్పించి, కారణాల సంగతి తర్వాత చూద్దామని ఇంకో పాత్ర చేత పక్కన పెట్టించాడు.

కాబట్టి క్లాసులో ఎవరైనా నవ్వితే ఫిజిక్స్ వదిలేయకండి. ఆ సున్నా నుంచి బయటపడటానికి గెలీలియోకే ఏళ్లు పట్టింది. మీ ఫ్రెండ్స్‌ని ఈ ప్రశ్న అడిగి చూడండి. మళ్లీ కలుద్దాం.