క్లోనింగ్ కోతిపిల్లల అకాల మరణాలు

క్లోనింగ్‌తో పుట్టిన కోతిపిల్లల్లో కొన్ని పుట్టిన గంటల్లోనో రోజుల్లోనో చనిపోతాయి. ప్రాణం పోయేది పుట్టాకే అయినా, చేటు మొదలయ్యేది పిండం ఏర్పడిన తొలి రోజుల్లోనే. అందులో పెద్ద పాత్ర మావిది.

2018 జనవరిలో షాంఘై శాస్త్రవేత్తలు జోంగ్ జోంగ్, హువా హువా అనే రెండు మకాక్ పిల్లల పుట్టుకను ప్రకటించారు. రెండూ గర్భస్థ పిండం కణాల నుంచి వచ్చినవి. ఇందుకోసం 79 పిండాలను 21 తల్లికోతుల్లో ప్రవేశపెడితే ఆరు చూలు కట్టాయి. పెద్ద కోతి కణాలతోనూ ఇదే ప్రయత్నం చేశారు. అందులో 181 పిండాలు, 42 తల్లులు, 22 చూళ్లు. చివరికి పుట్టినవి రెండే. ఒకదానికి శరీర ఎదుగుదల సరిగా లేదు, రెండోదానికి ఊపిరి అందలేదు. రెండూ దక్కలేదు.

కారణం జన్యువుల్లో కాదు, వాటిపై ఉన్న గుర్తుల్లో ఉంది. చర్మకణంలో చర్మానికి పనికొచ్చే జన్యువులు మాత్రమే తెరుచుకుని, మిగతావి మిథైల్ గుర్తులతో మూసి ఉంటాయి. క్లోనింగ్‌లో ఆ కణపు కేంద్రకాన్ని అండంలో పెట్టాక పాత గుర్తులన్నీ చెరిగి, పిండానికి కావలసినవి కొత్తగా పడాలి. అదీ కొద్ది రోజుల్లోనే జరగాలి. తల్లి వంతు, తండ్రి వంతు అని వేరుగా ఉండే కొన్ని గుర్తులు మాత్రం చెరగకూడదు. అవి పోతే ముందుగా దెబ్బతినేది మావి: మందంగా పెరుగుతుంది, సున్నం పేరుకుంటుంది. బిడ్డకు ప్రాణవాయువు, పోషణ చాలవు. కొన్ని కడుపులోనే పోతాయి, మిగిలినవాటిలో కొన్ని పూర్తిగా ఎదగని ఊపిరితిత్తులతో పుడతాయి.

మావి మీది అనుమానం నిజమని 2024లో వెలువడిన పరిశోధన గట్టిగా చూపింది. క్లోన్ పిండంలో బిడ్డగా మారే లోపలి కణాలను తీసి, మామూలు ఫలదీకరణతో వచ్చిన పిండపు పైపొరలో పెట్టారు. అంటే బిడ్డ క్లోన్‌ది, మావి మామూలుది. 11 పిండాలను ఏడు తల్లికోతుల్లో ఉంచితే ఒక్క రీసస్ జాతి కోతిపిల్ల పుట్టింది. 2020 జులైలో పుట్టిన ఆ పిల్ల పేరు రెట్రో; అది రెండేళ్లు దాటి బతికింది.

మన దేశంలో ఈ కష్టం గేదెల్లో కనిపించింది. కర్నాల్‌లోని జాతీయ పాడి పరిశోధన సంస్థలో 2009 ఫిబ్రవరి 6న పుట్టిన క్లోన్ ముర్రా దూడ సమరూప, వారం తిరగకముందే ఊపిరితిత్తుల జబ్బుతో చనిపోయింది. అదే ఏడు జూన్‌లో పుట్టిన గరిమ రెండేళ్లకు పైగా బతికి గుండె ఆగి చనిపోయింది. 2010లో పుట్టిన రెండో గరిమ మాత్రం 2013 జనవరిలో మహిమ అనే దూడను ఈనింది. మేలురకం ప్రాణిని తిరిగి పుట్టించవచ్చన్న ఆశ ఇక్కడే నిలబడింది.

దర్శి, మార్కాపురం వైపు రైతుకు గేదె ఈనగానే దూడ ఊపిరి, మావి పడటం రెండూ చూసుకోవడం అలవాటే. రేపు ఒంగోలు జాతి క్లోన్ గురించి ఎవరైనా చెబితే, ఎన్ని పుట్టాయని మాత్రమే అడగవద్దు. ఎన్ని పిండాలు పెట్టారో, ఎన్ని తల్లులు చూలు నిలుపుకున్నాయో, నెల దాటి ఎన్ని దూడలు పాలు తాగాయో కూడా అడగండి.